గూట్లో రెండు డబ్బాలు

మా గూట్లో రెండు మందు డబ్బాలు.
ఎర్ర దారం చుట్టింది నాది,
ఒట్టిది నాయనది.
అమ్మకి చదువు రాదు. ముడెయ్యడం వచ్చు.

నాయన చెయ్యి వణుకుద్ది.
టీ గ్లాసు నోటి కాడికి పొయ్యేలోపు
సగం చొక్కా తాగుద్ది.
లేద్దామనుకుంటాడు, కాళ్ళు ఆలోచిస్తా ఉంటయ్యి.
ఊరూరా తిరిగి దూది ఏకిన చేతులు,
ఇప్పుడు విల్లు లేకుండానే
గాలిని ఏకతన్నయ్యి.

నాకేమో మాటలు.
చీమకుర్తిలో రాయి కోసే మిషను
రాత్రి పదికి ఆపేస్తారు.
నాకు పదకొండుకి మొదలు.
'ఖాసింపీరా, ఆ పలకలో నీ పేరుంది చూడు' అని ఒకడు,
'చూడమాక' అని ఇంకొకడు.
పాలిష్ పట్టిన నల్లరాయిలో చుక్కలు మెరుస్తయ్యి గదా,
అయ్యన్నీ నా మీద రాసిన అర్జీలని
ఆరు నెలలు నమ్మాను.
ఓడెక్కే ప్రతి పలకా నా గుట్టు మోసకపోతందని
రామతీర్థం రోడ్డున లారీకి అడ్డం పడుకున్నాను.

ఏయస్ పేట దర్గాలో నలభై రోజులు ఉంచారు.
అక్కడ నన్నెవరూ పిచ్చోడనలేదు, అది నిజం.
మాటలు మాత్రం నాతోపాటే బస్సెక్కి వచ్చినయ్యి,
టిక్కెట్టు లేకుండా.

ఒంగోలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
మా ఇద్దరి చీటీలూ పక్కపక్కన పెట్టుకుని
నవ్వింది. నవ్వాల్సిన చోటు కాదు.
'ఇద్దరిదీ ఒకటే సరుకు పెద్దాయనా, డోపమిన్.
నీకు చాల్లేదు, నీ కొడుక్కి పొంగింది.
ఇంత సుళువేం కాదులే, ఇంకా వెతకతానే ఉన్నారు.'
'మీనంటే చేప గదమ్మా?' అన్నాడు నాయన.

అప్పుడు చెప్పింది కుందేళ్ళ సంగతి.
స్వీడనంట. చలికాలం పొద్దు
పొడిచినట్టే పొడిచి కుంకే దేశం.
అరవై డెబ్భై ఏళ్ళ కింద అక్కడ
కుందేళ్ళకొక మందిచ్చారంట.
మన సర్పగంధి వేళ్ళలో దొరికే మందే.
చెవులు వాల్చి, కళ్ళు సగం మూసి,
బూడిదగుమ్మడికాయల మాదిరి కూలబడినయ్యంట.
అప్పుడింకో సూది.
పావుగంట.
చెవులు లేచినయ్యి.

ఆ రెండో సూదిలోది
మన కంచెల మీది దూలగొండి గింజలో కూడా ఉందంట.
దూలగొండి! ఏడో తరగతిలో
లెక్కల సారు కుర్చీ మీద నూగు రాల్చింది నేనే.

ఇంకోటి చెప్పింది.
మెదడు పొరని ఆరబెట్టి, ఫార్మలిన్ ఆవిరి పట్టి,
ఒక తీరు వెలుగులో చూస్తే
ఆ సరుకున్న తావల్లా పచ్చగా వెలిగిందంట.
నల్లటి దాని మీద పచ్చ చుక్కలు.
నేను తలెత్తలేదు.
నాకా రాయి తెలుసు.

మొన్న శ్రావణంలో ముసురుకి
దారం నాని ఊడింది.
మూడు రోజులు ఎవరికీ తెలవలేదు.
నాకు పలకలు మళ్ళీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టినయ్యి.
నాలుగోనాడు పొద్దున, గోడ వారగా, నాయన.
నోట్లో ముద్ద అట్నే ఉంది.
ఈగ వాలినా రెప్ప కొట్టడు.
'అది మీ నాయన కాదు, పో' అన్నాడొకడు.
'పారిపో' అన్నాడింకొకడు.
నేను చెవులు చూశాను.
నాయన చెవులు కావు అయి,
వాల్చిన చెవులు.
వాళ్ళు అరుస్తానే ఉన్నారు,
ఆ అరుపుల మీంచి అరిచాను:
'అమ్మా, డబ్బాలు చూడు!'

ఇప్పుడు ఎర్ర దారానికి ఏడు ముళ్ళు.

మాటలు దూరంగా ఉన్నయ్యి,
పక్కూరి మైకు మాదిరి.
మందు పడ్డాక నా చెయ్యి కూడా కాస్త వణుకుద్ది.
డాక్టరమ్మకి చెప్పాను, తగ్గిస్తానంది.
అందాకా అమ్మ
ఇద్దరికీ గ్లాసుల్లో సగమే పోస్తంది.